నోట్లో తీగె

నిన్న పడసాలలో ఫ్యాను నిలిచిపోతే బాగుచేసేదానికి ఒకాయన వచ్చినాడు. మీసాలు నెరుస్తా ఉండే మనిషే, పిల్లోడేం కాదు. స్టూలెక్కినాడు, తీగె బయటికి లాగినాడు, దాని కొనను నేరుగా నోట్లో పెట్టుకోని పండ్లతో పై తొక్క పట్టి పీకినాడు. నేను నములుతా ఉండే వక్కాకు అట్లే ఉమ్మేసి, "అయ్యో, నోట్లోంచి తియ్యప్పా ముందు!" అని అరిసినాను. వీధిలో పోయేవాళ్ళు తిరిగి సూసినారంట. మా మనవరాలు నవ్వి, "మెయిను ఆపేసినాం లే అవ్వా, ఏం కాదు" అనింది. ఏం కాదని నాకూ తెలుసు. మెయినంటే ఏందో, ఎర్తంటే ఏందో ఈ వీధిలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెల్దు. అయినా తీగె నోటిదాకా పోతే నా ప్రాణం ఒప్పుకోదు. ఒకప్పుడు మా సంసారమంతా చెయ్యికీ నోటికీ మధ్యన ఉండే ఆ జానెడు జాగాలోనే ఊగులాడింది.

మా ఇంటాయన టైలరు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వీధిలో ఒక మిద్దె పంచలో మిషను వేసుకోని ఇరవై ఏండ్లు కుట్టినాడు. ఆయన కాజా కుడితే ముందరేదో వెనకేదో కనుక్కోలేరు. గొప్పలు చెప్పుకుంటా ఉందే ముసల్ది అనుకుంటారేమో, చెప్పుకుంటాను, నా మొగుని గొప్ప నేను కాక ఎవరు చెప్పాల? అంతలో తెల్లోళ్ళ రెండో యుద్ధం వచ్చి గుడ్డలకు కంట్రోలు పెట్టినారు. కార్డు మీద ఇచ్చే గుడ్డ నడుముకు చుట్టుకునేదానికే సాలదు, ఇంక కుట్టించుకునేది యాడ? మిషను మీద పిల్లి పండుకునేది. అప్పుడే కొండమీదికి కొత్తగా బస్సులు పోతా ఉండె, యాత్రికులు ఎక్కువైనారు, సత్రాలోళ్ళు పోటీపడి కరెంటు పెట్టించుకుంటా ఉండిరి. మా పంచకు ఎదురుగా ఉండే సత్రంలో గూడా వైరింగు మొదలైంది. పని లేని మనిషి కదా, పది దినాలు ఆ మేస్త్రీ చేసే పనే సూస్తా కూర్చున్నాడు ఈయన.

ఒకరోజు అన్నం పొద్దు గూడా కాలేదు, పరిగెత్తుకుంటా ఇంటికొచ్చినాడు. "ఏమే! వాళ్ళు చేసేది మన పనేనే! తీగెను గోడకు కుడతా ఉండారు, అంతే! టేపు ఉండాది, సుద్దముక్క ఉండాది, కత్తిరింపు ఉండాది, మిషనొక్కటే లేదు!" ముప్పై ఆరేండ్ల మనిషి, చెవుల పక్కన తెల్లెంటికలొచ్చిన మనిషి, గడపలో నిలబడి గెంతులేస్తా ఉండాడు. ఎండదెబ్బ తగిలిందేమోనని నెత్తిన చెయ్యి పెట్టి సూసినాను. మా అత్తయితే, "కొరివితో తల గోక్కుంటావేందిరా" అని లోపలికి పాయె. నాకు మాత్రం, నిజం చెప్తా, భయం రాలేదు. మిషను ఆగిపోయినాక ఆయన మొగంలో అంత వెలుగు నేను సూసింది ఆపొద్దే.

మేస్త్రీ తమిళాయన. నోటి దురుసు, మంచి మనసు. ఈయన పోయి పని నేర్పమంటే ముందు నవ్వినాడంట, ఈ వయసులో నీకెందుకప్పా అని. సరే, గోడమీద ఒక గీత గియ్యి సూద్దాం అంటే, ఈయన దారం పట్టి సుద్దతో గీసి సూపించినాడు. ఆ గీత సూసినాక, రేపట్నుంచి రా అన్నాడంట. అప్పట్నుంచి దినమూ సాయంత్రం మా ఇంట్లో కరెంటు కథలే. పింగాణీ బిళ్ళలంట, ఇత్తడి స్విచ్చులంట, పట్టుదారం అల్లిన జంట తీగెలంట. "పట్టంటే పట్టేనే, పెండ్లికూతురికి కుట్టేది, దాంట్లో కరెంటు పోతాది!" అని నా ముక్కు ముందర తిప్పి సూపించేది. కిరసనాయిలు బుడ్డి ముందర కూర్చోని ఈ మాటలన్నీ నేను వినేది.

వచ్చిన చిక్కల్లా నోరు. టైలరు సూదిలో దారం ఎక్కించేది ఎట్ల? కొన నోట్లో పెట్టి తడిపి, పెదాలతో నున్నగా చేసి ఎక్కిస్తాడు. దీపం హోల్డరులో రంధ్రం సన్నం, తీగె లోపల వెంట్రుకల మాదిరి రాగిపోగులు చీపురు మాదిరి విడిపోతాయి. ఇంక ఈయన చెయ్యి అడక్కుండానే నోటికి పోతాది! మొదటి వారంలోనే మూడు తూర్లు. మూడో తూరి మేస్త్రీ నిచ్చెన దిగి నేరుగా మా ఇంటికే వచ్చినాడు. "ఇదో సూడమ్మా, మీ ఆయన చెయ్యి బంగారం, నోరే శని. సర్టిఫికెట్టిచ్చే సర్కారు పరీక్షలో ఇన్‌స్పెక్టరు ముందర తీగె నోట్లో పెట్టినాడంటే ఆడికాడికే ఫెయిలు. ఫెయిలైతే పోనీ. యాడన్నా కరెంటుండే తీగె పెట్టుకున్నాడంటే, నీ మొగం నేనెట్ల సూసేది?"

సర్టిఫికెట్టు లేనోడికి సొంతంగా ఇండ్లు ఒప్పజెప్పరు, బతుకంతా ఇంకొకరి నిచ్చెన పట్టుకోవాల్సిందే. మా పంచనేమో మిద్దెవాళ్ళు అప్పటికే పూలమ్మే ఆమెకు ఇచ్చేసినారు. వెనక్కి పోదామంటే మిషను పెట్టుకునే జాగా గూడా లేదు. పరీక్షకు ఉండేది మూడు నెలలు.

సరే, మందు పెడదామని ఒక ముక్క తీగె తెప్పించి కొనకు వేపాకు నూరి పూసినాను. నాలుగు దినాలు మొగం అదోరకంగా పెట్టినాడు. అయిదో దినం, "అలవాటైపోయిందే, పండ్లకు గూడా మంచిదంట" అన్నాడు. కారం పూసినాను. నోరు మండి, అదే చేత్తో కండ్లు తుడుసుకోని ఇల్లంతా తిరిగినాడు. "ఏం మనిషివయ్యా నువ్వు!" అని ఏడిసినాను, ఏడుస్తానే నవ్వినాను. కడాకు ఆయన కొలతబద్ద నేను తీసుకోని ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి పైకి లేస్తే మణికట్టు మీద ఒకటి. మొగున్ని కొట్టిన ఆడది అని మా అత్త సణిగినా నేనాపలేదు. కొడతానే మేస్త్రీ చెప్పిన ప్రశ్నలు అడిగేది, నేను అయిదో తరగతి దాకా చదివినాను కదా, అన్నీ రాసిపెట్టుకున్నాను. "ఎర్తు ఏందానికి?" "దోవ తప్పిన కరెంటును భూమిలోకి పంపేదానికి." "ఫ్యూజు ఎందుకు పోతాది?" అన్నీ నాకే ముందొచ్చేసినాయి. "నేనే పోయి పరీక్షకు కూర్చుంటా" అంటే, "పోవే తల్లీ, నేనీడ సంగటి గెలుకుతా ఉంటా" అనేవాడు.

పరీక్ష చిత్తూరులో. నేనూ పోయినాను, ఇంట్లో కూర్చుంటే గుండె పగిలిపోయేట్లుండె. యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు అది, చంద్రగిరి దాటినాక మిట్టలో నిలిచిపోయింది. మొగోళ్ళంతా దిగి నెట్టినారు. మా ఆయన నెడతానే ఎర్తూ ఫ్యూజూ అని గొణుగుతా ఉంటే, పక్కాయన, "ఏం మంత్రమప్పా అది, బస్సు కదిలిపాయె!" అన్నాడు. శకునం మంచిదే అనుకున్నాను.

ఒక బడి హాల్లో పెట్టినారు పరీక్ష. కిటికీకాడ నిలబడొచ్చు, నోరెత్తితే మాత్రం లోపలుండే మనిషిని పంపించేస్తామని చెప్పినారు. చెక్కపలక మీద ఈయన పింగాణీ బిళ్ళలు బిగించినాడు, గీత గీసినట్లు తీగె పరిసినాడు, స్విచ్చు పెట్టినాడు. నాకు ఒళ్ళంతా పొంగిపోతా ఉండాది. ఇంక హోల్డరు. పోగులు విడిపోయినాయి. ఒకసారి దూర్చినాడు, పోలేదు. రెండోసారీ పోలేదు. చెయ్యి పైకి లేసింది. రొమ్ము దాటింది, గడ్డం దాకా వచ్చింది. అరిస్తే కొంప మునుగుతాది, అరవకుంటే మునుగుతాది. నేను నా చీర కొంగు నోట్లో కుక్కుకోని కొరికినాను. చెయ్యి మీసం కాడ నిలిచింది. నిలిచి, ఒకసారి మీసం దువ్వి, కిందికి దిగింది. దారానికి ముడేసేటప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యన మెలేస్తారు సూడండి, అట్ల పోగుల్ని మెలేసినాడు. తీగె లోపలికి పాయె.

ఇన్‌స్పెక్టరు సూడనే సూసినాడు. దగ్గరికొచ్చి, "ఏమయ్యా, మీసం దువ్వుకునేదానికి ఇదా టైము?" అన్నాడు. ఊ అంటే సరిపోయేది. ఈయన ఊరుకుంటే కదా! "మీసం కాదు సార్. నోట్లో పెట్టుకోబోయినాను. నేను టైలర్ని, ఇరవై ఏండ్ల అలవాటు. ఆపుకున్నాను" అనేసినాడు. చచ్చితిమిరా దేవుడా అనుకున్నాను. ఇన్‌స్పెక్టరు ఆయన చేతిని సూసినాడు, పలకను సూసినాడు, తీగె ఒకసారి గుంజి సూసినాడు. "ఆపుకున్నావు కదా? బతికినన్నాళ్ళూ అట్లే ఆపుకుంటా ఉండు. స్విచ్చెయ్యి" అన్నాడు. దీపం వెలిగింది. అంతమందిలో ఈయన కిటికీ పక్క తిరిగి, "వెలిగిందే!" అని కేకేసినాడు. హాలంతా ఒకటే నవ్వు. నేను ఏడుస్తా ఉండానో నవ్వుతా ఉండానో నాకే తెలీలేదు, కొంగు ఇంకా నోట్లోనే ఉండె.

సర్టిఫికెట్టు వచ్చినాక తిరుచానూరులో, తిరుపతిలో ఎన్ని ఇండ్లకు దీపాలు పెట్టినాడో నేను లెక్కపెట్టలేదు. ఆపొద్దు ఆ కిటికీకాడ నేను నిలబడింది అర్ధగంట ఉంటాదేమో. ఆయనతో కాపురం చేసింది నలభై మూడేండ్లు. ఇప్పుడు ఆయన లేకుండా వెనక్కి తిరిగి సూసుకుంటే ఆ నలభై మూడేండ్లూ గబగబా గడిచిపోయినాయి, ఆ అర్ధగంటే ఇంకా గడవలేదు.