తమ్ముడి మీసం

మా తమ్ముడికి మీసం రాలేదు. మిలిట్రీలో చేరాడు, తుపాకి పట్టాడు, దేశం కాని దేశంలో శాంతి సేనతో కాపలా కాశాడు గాని, పై పెదవి మీద మాత్రం నాలుగు వెంట్రుకలకు మించి మొలిపించలేకపోయాడు. గీస్తే దట్టంగా వస్తుందని ఎవరో చెప్పారట, రోజూ గీసేవాడు. సెలవుకి నర్సీపట్నం వచ్చాడంటే ఆముదం సీసాతో అద్దం ముందు చేరేవాడు. నేను ఊరుకుంటానా? "అంత ఆముదం ఏటికిరా, దీపం ఎలిగిస్తావా?" అనేదాన్ని.

ఆఫ్రికా వెళ్ళాక వీడియో కాల్‌లోనూ అదే గోల. ఫోను ముక్కు దగ్గరకు తెచ్చుకుని, "ఇప్పుడు సెప్పక్కా, కనిపిస్తందా?" అన్నాడొకసారి.

"సిగ్నల్ బాగా నేదురా. మీ ఆఫీసరు గారి మీసం సూపించు, పోల్చుకుంటాను" అన్నాను. వాడి పక్కనున్న సిపాయిలు పగలబడి నవ్వారు. వాడు సిగ్గుపడి ఫోను పెట్టేశాడు.

ఆ వారంలోనే వాళ్ళు వెళుతున్న బండి మీద కాల్పులు జరిగాయి. వాణ్ణి పెట్టెలో తీసుకొచ్చారు. మూత తీయనివ్వలేదు. వాడి ముఖం కడసారి చూసుకోలేదన్న బాధ నన్ను ఇప్పటికీ తినేస్తూనే ఉంది. అందుకే, మరుసటి ఏడు మా వీధివాళ్ళు వాడి బొమ్మ పెడదామన్నప్పుడు, ముఖం అచ్చంగా వాడిదే ఉండాలని పట్టుబట్టాను. ఫోటో నేనే ఇచ్చాను.

బొమ్మ తయారైంది, రంగు వేసేముందు చూసుకోండి అని కబురొస్తే అమ్మా నేనూ వెళ్ళాం. గొలుగొండ రోడ్డులో రేకుల షెడ్డు. దండం పెడుతున్న నాయకుల మధ్య మా వాడు నిలబడి ఉన్నాడు. మూతి మీద మెలితిరిగిన మీసం! నిమ్మకాయలు నిలబెట్టొచ్చు.

"ఇదెవరండీ?" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీ తమ్ముడేనమ్మా" అన్నాడు మేస్త్రి.

"ఆడికి మీసమెక్కడిది? ఫోటో సూశారా అసలు?"

"సూశానమ్మా. మిలిట్రీ బొమ్మకి మీసం నేకపోతే స్కౌటు కుర్రాడనుకుంటారు జనం. మా షెడ్డులో మీసం నేని సిపాయిని ఇప్పటిదాకా సెయ్యలేదు."

ఇంకో సందర్భంలో అయితే నవ్వేదాన్నే. మా వాడు వింటే ఆ మేస్త్రికి బిర్యానీ తినిపించేవాడు కూడా. కానీ నాకు కావలసింది నా తమ్ముడు, సిపాయి కాదు. మీసం తీసేస్తే గాని బొమ్మ పెట్టనివ్వనని చెప్పేశాను. మేస్త్రి కాసేపు గొణిగి, "సరేనమ్మా, సిమెంటే కదా, సెక్కేత్తాను" అని ఉలి తీశాడు.

నాకు వత్తాసుగా నాలుగు మాటలంటుందని అమ్మవైపు చూశాను. అమ్మ బొమ్మ దగ్గరకు వెళ్ళి, చెంపల మీది సిమెంటు పొడిని చీర కొంగుతో తుడిచింది. ఉలి పట్టుకున్న చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

"ఉంచీండి బాబూ. సిన్నోడు కదా, అప్పటికింకా రాలేదు. ఇంకో రెండేళ్ళుంటే ఆడికీ వచ్చీది."