సిస్టరమ్మ గురువారాలు

మంగళవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర లైనులో ఉండగా మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పాస్టరు అయ్యగారి మెసేజ్ వచ్చింది. మన సిస్టరమ్మ ప్రభువునందు నిద్రించారని. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల మధ్య ఎవరో రాశారు: "ఒక్క పూటన్నా విశ్రాంతి ఎరుగని తల్లి." అక్కడే నాకు మండింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే, దాచుకోను.

ఎందుకంటే ఆ మాట అబద్ధం. సిస్టరమ్మ విశ్రాంతి తీసుకునేది. ప్రతి గురువారం పన్నెండు నుంచి అయిదు దాకా, లోపల గొళ్లెం పెట్టుకుని మరీ తీసుకునేది. ఇస్నాపూర్‌లో మా గల్లీ అంతటికీ ఈ సంగతి తెలుసు. తెలిసినవాళ్లే ఇప్పుడు దాన్ని తుడిచేస్తుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ఆమె ఒక ఫ్యాక్టరీ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. ఒంటరి మనిషి. ఇంటి ముందు గదిలో ఒక బల్ల, ఒక ఎర్ర టబ్బు, కట్లు కట్టే సామాను. పటాన్‌చెరు నుంచి ఇటువైపు ఏ షెడ్డులో ఎవరి వేలు నలిగినా, చెయ్యి కాలినా, ఆసుపత్రిలో చూపించుకుని వచ్చాక రోజూ కట్టు మార్పించుకునేది ఆమె దగ్గరే. కిరాయి గదుల్లో ఉండే బీహార్ వాళ్లు, ఒడిశా వాళ్లు, మా జోగిపేట దిక్కు వాళ్లు, అందరూ. కట్టు కట్టడం అయ్యాక ప్రార్థన చెయ్యాలా, చాయ్ పొయ్యాలా అని అడిగేది. ఎక్కువమంది చాయే అనేవాళ్లు. ఏమీ అనుకోకుండా పోసేది. వాళ్లు తాగుతున్నంతసేపు ఆమె పెదవులు మాత్రం కదిలేవి.

నేను కరపత్రాలు చదివి పెరిగినవాణ్ణి. యూనియన్‌వి, సువార్తవి, బస్టాండులో ఎవరేది చేతిలో పెడితే అది. అన్నిట్లోనూ నాకు అర్థమైంది ఒక్కటే: పది మంది కోసం మనిషి అరిగిపోవాలి. అందుకే ఆ గురువారాలంటే నాకు ఒళ్లుమంట. ఒక గురువారం మా షెడ్డులో పనిచేసే బీహార్ అతని చేతి మీద యాసిడ్ పడింది. బండి మీద ఎక్కించుకుని నేరుగా ఆమె ఇంటికే తెచ్చాను. తలుపు బాదాను. కిటికీ తెరుచుకుంది. ఏం పడిందో అడిగి, సిస్టరమ్మ చెప్పింది:

"వాని చెయ్యి ఆ బయటి నల్లా కింద పెట్టు. అర్ధగంట దాక తియ్యనియ్యకు. ఆటోకు నేను ఫోన్ జేస్త, అటెన్క పెద్దాసుపత్రికి తీస్కపో."

"తలుపు తియ్యవా సిస్టరమ్మా?"

"పానం మీదికొస్తే తీస్తా. నీ కోపానికి తియ్య."

కిటికీ మూసేసింది. ఆటో వచ్చింది. నీళ్లు పోసినందుకే వేళ్లు మిగిలాయని డాక్టరు చెప్పాడు. అది నా చెవికెక్కలేదు. ఇంటికొచ్చి, 'మూసిన తలుపు వెనక క్రీస్తు ఉండడు' అని పెద్దక్షరాలతో కరపత్రం రాసి, మైదా జిగురుతో ఆమె తలుపుకే అంటించాను.

మర్నాడు సాయంత్రం కబురు పెట్టింది. వెళ్లేసరికి కరపత్రం మడత పెట్టి బల్ల మీద ఉంది. తిట్లకు తయారై వెళ్లాను.

"రాత మంచిగుంది కొడుకా. తిన్నవా?" అంది.

తినలేదు. జొన్నరొట్టె, పాలకూర పప్పు పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని కుడికాలి మేజోడు తీసింది. చివరి రెండు వేళ్లు లేవు. షుగరు ఉన్న మనిషి. వెనకటికి ఏ రోజూ తలుపు మూసేది కాదట. చెప్పు కరిచి వేళ్ల కింద పుండైతే, అందరి పుండ్లూ కడుగుతూ తన పాదం తిప్పి చూసుకోలేదట. తిమ్మిరెక్కిన కాలు, నొప్పి కూడా చెప్పలేదు. వాసన వచ్చాక తెలిసింది.

"రెండు వేళ్లు సంఘానికి ఇచ్చిన. మూడోది ఇయ్య," అంది. "ఏసయ్య గూడ నడిశి నడిశి అలిశి బావి కాడ కూసున్నడు. గా ఆడామెను నీళ్లడిగిండు. అలిశినా అని సిగ్గువడలే. నాకేం సిగ్గు?"

నేనూ నీళ్లడిగాను. ఆమే లేచి అందించింది.

గురువారం లోపల ఏం చేసేదో తర్వాత మా అక్క చెప్పింది. అక్క ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తూ, డ్యూటీ దిగాక ఆమె దగ్గర కట్లు కట్టడం నేర్చుకుంది. ఎర్ర టబ్బు అందరిదీ, నీలం టబ్బు ఒక్క సిస్టరమ్మది. దాన్ని ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. గోరువెచ్చని నీళ్లు మోచేత్తో చూసి, పాదాలు కడుక్కుని, పాత చీర ముక్కతో వేళ్ల సందులు తుడుచుకునేది. చేతి అద్దం కింద పట్టుకుని అరికాలు అంగుళం అంగుళం చూసుకునేది. ఒక చేప ముక్క వేయించుకుని తినేది, పడుకునేది. ఆ పూట ప్రార్థన కూడా చేసేది కాదట. ఇయ్యాల ఆయన పని ఆయననే చేస్కోనీ అనేదట. అయిదింటికి తలుపు తీసి టబ్బు నీళ్లు గడప ముందు మెట్టు మీద పారబోసేది. మెట్టు తడిగా ఉందంటే సిస్టరమ్మ మళ్లీ పనిలోకి వచ్చేసిందని గల్లీకి గుర్తు.

మూడో రోజు ఆమె ఇంట్లోనే సంతాపానికి ఆదరణ కూడిక పెట్టారు. గురువారం, మూడు గంటలకు. ఆ వేళకు ఆ తలుపు బార్లా తెరిచి ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. తెచ్చిన పూలదండలు అందులో వేయడానికి ఎవరో నీలం టబ్బు బయటికి తీశారు. పంచే కాగితం రాయమని అయ్యగారు ముందే నన్నడిగారు, 'విశ్రాంతి ఎరుగని దాసురాలు' అని పైన పెట్టమన్నారు. నేను రాయనన్నాను. ఇంకెవరితోనో రాయించారు. కూడికలో అదే చదివి, రేపటి నుంచి ఈ ఇంట్లో ఈ చెల్లె సేవ చేస్తుందని, ఏ రోజూ తలుపు మూయదని మా అక్కను చూపించారు. అందరూ స్తోత్రం అన్నారు.

నేను లేచాను. ఆమె కాలు మీరెవరన్నా చూశారా అని అరిచాను. వేళ్లు తిన్నది చాలక ఇప్పుడు మా అక్కనా అన్నాను. ఎవరో నా అంగీ పట్టి లాగారు. అయ్యగారు, తమ్ముడు దుఃఖంలో ఉన్నాడు, ప్రార్థిద్దాం అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నా అరుపు అక్కడితో అయిపోయింది.

అప్పుడు అక్క కూర్చున్నచోటు నుంచే, గొంతు పెంచకుండా అంది: "గురువారం నేను తియ్య, అయ్యగారూ."

కళ్లు తెరుచుకున్నాయి. ముందు వరసలో ఒక ముసలామె, గా పూట ఎవరన్నా ఒళ్లు కాలి వస్తేనో అని అడిగింది.

"నల్లా బయటనే ఉంది, పెద్దమ్మా. మా తమ్ముడు మెట్టు మీద కూసుంటడు. అరిశే నోరుంది గద, ఆటోను పిలువనీకి అక్కరకొస్తది."

జనం నవ్వారు. అయ్యగారికీ నవ్వాగలేదు. అక్క లేచి దండలు తీసి బల్ల మీద పెట్టి, నీలం టబ్బు లోపలికి తీసుకుపోయింది.

సిస్టరమ్మా, నీ పాదాన్ని వాళ్లు మరిచిపోతే పోనీ. నేను మరవను. నిన్ను అరిగిపోయినదానిగా ఎవరు పొగిడినా, ఎదురుగా నిలబడి కాదంటాను.

మొన్న గురువారం సెలవు పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. ఇద్దరొచ్చారు. అయిదు దాటాక రమ్మన్నాను. ఒకతను గొణిగాడు, గొణగనిచ్చాను. లోపల చేప వేగుతున్న వాసన, తర్వాత ఏ చప్పుడూ లేదు. అయిదింటికి గొళ్లెం తీసిన చప్పుడైంది. నేను లేచేలోపే అక్క పారబోసిన టబ్బు నీళ్లు నా పాదాల మీదుగా పారి, మెట్టు దిగి, గల్లీ దుమ్ములోకి నల్లగా పాకిపోయాయి.