మాకు పడాల్సిన ఓటు

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డు ఊరు. నాన్నదీ మావదీ వేటే. నేను చదువుకుని కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. అందుకే చేపల వేట గురించి దేశాలన్నీ కలిసే సభకి మా మత్స్యకారుల సంఘం తన తరఫున నన్ను పంపింది. మేం మాట్లాడొచ్చు. ఓటు మాత్రం దేశాలదే.

పెద్ద ఓడల వలలు సూర చేపల పిల్లల్ని కూడా ఊడ్చుకుపోతున్నాయి. వాటిని ఆపాలన్నది మా తీర్మానం.

అక్కడ ఒక చిన్న ద్వీప దేశపు అధికారిణితో స్నేహమైంది. ఆమెదీ చేపలు పట్టే ఇల్లే, వాళ్ల నాన్నదీ వేటే. మా అమ్మ కట్టిచ్చిన ఎండు నెత్తళ్లు ఇద్దరం వేయించుకు తిన్నాం. నన్ను ‘అక్కా’ అనడం నేర్చుకుంది. తీర్మానం ముసాయిదా ఇద్దరం కలిసే దిద్దాం. తన దేశం ఓటు మాకేనని మాటిచ్చింది. నేనామెకి పొందూరు ఖద్దరు కండువా ఇచ్చాను.

ఓటింగుకి ఆ కండువా వేసుకునే వచ్చింది. వ్యతిరేకించేవాళ్లు చేతులెత్తమన్నప్పుడు ఎత్తింది. నా వైపు చూడలేదు. తీర్మానం వీగిపోయింది.

బయట వరండాలో పట్టుకుని అడిగాను. ఆ పెద్ద ఓడలున్న దేశమే వాళ్ల ఊళ్లో రేవు కట్టడానికి అప్పిచ్చిందట. కిస్తీలు కట్టలేక ఈమె దేశంవాళ్లు గడువు అడిగారట. గడువిస్తాం, ఓటు మాకెయ్యండి అన్నారట.

“నీకెప్పుడు తెలిసింది?”

“ముసాయిదా రాసేటప్పటికే.”

“ముందే చెప్పుంటే ఇంకో దేశాన్ని అడుక్కునేవాళ్లం కదా.”

“చెబితే నువ్వు నా పక్కన కూర్చునేదానివా, అక్కా?”

ఓటు పోయినందుకు కాదు, అన్నాళ్లూ అన్నీ తెలిసే నాతో నవ్వుతూ తిరిగినందుకు నా ఒళ్లు మండిపోయింది. వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఊరొచ్చాక పడవల దగ్గర అందరికీ జరిగింది చెప్పాను. సంఘం పెద్దలు ఆమెని నమ్మడం నా తెలివితక్కువతనమేనన్నారు. మావ ఒక్కడే వల సర్దడం ఆపి అడిగాడు.

“ఆ పిల్లదీ మనలాటి ఇల్లే అన్నావు కదే. మరి ఆల్లోల్లు ఏటి తింటారు?”

నేను వల రెండో కొస అందుకున్నాను.

కొన్నాళ్లకి ఆమె కొత్త రేవు ఫొటో పంపింది. తెల్లగా, పొడుగ్గా ఉంది. మీ నాన్న వేటకి వెళ్తున్నాడా అని మాత్రం అడిగాను.

మానేశాడంది. రేవులో కాపలా ఉద్యోగం దొరికిందట.