ఆయ్ అన్నవాడికి రెండేళ్లు

మొన్న గ్యాస్ బండ తెచ్చినతన్ని మేడ మీదికి తెచ్చిపెడతావా అని అడిగితే "ఆయ్" అన్నాడు. అని, బండ కిందే దించి వెళ్ళిపోయాడు. మావారు విసుక్కున్నారు గానీ నాకు కోపం రాలేదు. ఆ మాటతో నా పేచీ ఈనాటిది కాదు. నేను పుట్టిపెరిగింది కడపలో. పెళ్ళై రామచంద్రపురం దగ్గర పల్లెకి వచ్చిన కొత్తలో మా మరిదికి కాఫీ ఇచ్చి, చక్కెర ఎక్కువైందా అని అడిగాను. "ఆయ్" అన్నాడు. మర్నాడు తగ్గించి ఇచ్చి, ఇప్పుడు చాలలేదా అన్నాను. దానికీ "ఆయ్". కొత్త కోడలినని ఆటపట్టిస్తున్నాడని వంటింట్లో ఉడుక్కుంటుంటే మా అత్తగారు నవ్వారు. ఆయ్ అంటే అవునని కాదట, వింటున్నానండీ అనట. అవుననేటప్పుడూ అదే అంటారు, కాదనలేక ఊరుకునేటప్పుడూ అదే అంటారు. ఏది ఏదో మొహం చూసి తెలుసుకోవాలట. చక్కెరని పంచదార అనడం తొందరగానే నేర్చుకున్నాను గానీ, ఈ మొహాలు చదవడం మాత్రం చాలాకాలం పట్టుబడలేదు.

మా మరిది మర్యాదకి ఊళ్ళో పెట్టింది పేరు. దారికి అడ్డంగా పడుకున్న కుక్కని కూడా "కాస్త తప్పుకోండి" అనేవాడు. అలాంటివాడు తొంభైల చివర్లో, ఎవరూ పిలవకుండానే ఆయ్ అనడం మొదలుపెట్టాడు. చేనుకి నీళ్ళు పెడుతూ, అన్నం కలుపుకుంటూ, ఉన్నట్టుండి తల పక్కకి తిప్పి, ఎవరో పెద్దవాళ్ళకి బదులిచ్చినట్టు వినయంగా అనేవాడు. వేడి చేసిందన్నారు ఇంట్లో. తలకి ఆముదం పెట్టారు, మజ్జిగ తాగించారు, పక్కూరి నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు. పిచ్చి అన్న మాట మాత్రం మా గడప దాటి లోపలికి రానివ్వలేదు. నాకా మాట నోటిదాకా వచ్చేది. కొత్తదాన్ని, పైగా ఆ ఊరి భాషే సరిగా రానిదాన్ని, ఏది జబ్బో ఏది మర్యాదో నేనేం చెప్పగలను?

ఒకనాటి మధ్యాహ్నం మా మరిది వెళ్ళి పక్కింటి రైతు తాలూకు గడ్డిమేటుకి నిప్పు పెట్టాడు. పగ ఏమీ లేదు, మా రెండిళ్ళకీ పచ్చళ్ళు ఇచ్చిపుచ్చుకునేంత స్నేహం. మంట పశువుల పాకకి అంటుకుంది. గేదెల పలుపులు విప్పబోయి ఆ రైతు కుడిచెయ్యి మోచేతిదాకా కాల్చుకున్నాడు. మా మరిది పారిపోలేదు. మేటులో ఎవరో ఇరుక్కుని తనని పిలుస్తున్నారనీ, బయటికి రావడానికి దారి చేశాననీ వచ్చినవాళ్ళందరికీ చేతులు కట్టుకుని చెప్పాడు. కేసయింది.

ప్లీడరుగారు మా ముందు రెండు దార్లు పెట్టారు. మతిస్థిమితం లేదని చెబితే డాక్టర్లకి చూపించి ఆసుపత్రికి పంపుతారు, కుదుటపడేదాకా కేసు ఆగుతుంది, అది ఎన్నాళ్ళో ఆ దేవుడికే తెలియాలి. ఒప్పుకుంటే శిక్ష, అనుభవిస్తే తీరిపోయేది. మావారు ఇటు కాసేపు, అటు కాసేపు ఊగారు. చివరికి మా అత్తగారే తేల్చారు. "జైలుకైతే ఫలానా రోజు వదుల్తారని ఉంటది కదండీ. ఆసుపత్రికి అదీ లేదు. నా పిల్లోణ్ణి ఏ రోజుకని చూడను?" అన్నారు. అది తప్పని ఆ రోజు అనలేకపోయాను. రైటని ఈ రోజూ అనలేను.

కోర్టులో జడ్జిగారు నెమ్మదస్తులు. ఒక్కొక్కటే విడమరిచి అడిగారు. నిప్పు పెట్టింది నువ్వేనా? ఆయ్. అది నేరమని తెలుసా? ఆయ్. ఆరోగ్యం, మతి బాగానే ఉన్నాయా? ఆయ్. అందరూ జడ్జిగారినే చూస్తున్నారు. నేను మా మరిది మొహం చూస్తున్నాను. అప్పటికి నాకు ఆ చదువు కాస్త వచ్చింది. అతని చూపు జడ్జిగారి మీద లేదు, పక్కనున్న ఖాళీ గోడ మీద ఉంది. ఒకసారి ప్రశ్న పూర్తికాకముందే ఆయ్ అన్నాడు. రెండేళ్లు వేశారు. బయటికి వచ్చాక ఉండబట్టలేక, అతను జవాబు చెప్పింది జడ్జిగారికి కాదేమోనని ప్లీడరుగారితో అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "రికార్డులో 'యస్' అని పడిపోయిందమ్మా. ఆయ్‌కి ఇంగ్లీషులో ఇంకేం రాస్తారు?" అన్నారు. ఆయన నన్నే అడిగారో, తనని తాను ప్రశ్నించుకున్నారో తెలియలేదు.

రాజమండ్రి జైల్లో డాక్టరుగారు అతన్ని చూసి మాత్రలు మొదలుపెట్టారు. మొదట్లో నిద్రమత్తుగా కనిపించేవాడు. ఏడాది తిరిగేసరికి ఒళ్ళు చేశాడు, మాట నిలకడగా వచ్చింది, చూపు మన మీద నిలిచింది. ఇంట్లో నయం కానిది జైల్లో నయమైనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక మా అత్తగారు రెండూ చేశారు. ఆ రోజుల్లోనే ఒక ములాఖత్‌లో, కమ్మీల అవతలినుంచి అడిగాడు: "వదినగారూ, నాకీ శిక్ష దేనికి పడిందండి?"

ఏదో కాస్త గడ్డి కాలిందిలే అంటూ మా అత్తగారు సర్దబోయారు. అతను నా వైపే చూస్తున్నాడు. మేటు, పాక, కాలిన చెయ్యి, అన్నీ చెప్పాను. అంతా విని, ఆ రైతు చెయ్యి ఇప్పుడెలా ఉందని అడిగాడు. వేళ్ళు సరిగా ముడుచుకోవడం లేదన్నాను. తన కుడిచేతి వేళ్ళు ఒకసారి ముడిచి, తెరిచి చూసుకున్నాడు. తరవాత చాలా మర్యాదగా అన్నాడు.

"అయితే శిక్ష ఇవాళ్టి నుంచి లెక్కెట్టమనండి. ఇంతకుముందున్నది నేను కాదు కదండీ."

నా దుఃఖం ఆగలేదు. తిరిగొచ్చే దారంతా అదే లెక్క వేసుకున్నాను. ముందున్నది అతను కాకపోతే నిప్పు పెట్టిందీ అతను కాదు. అతనే అయితే ఏడాది అప్పటికే గడిచిపోయింది. చట్టానికి ఈ తికమక లేదు, చెప్పిన తేదీకే వదిలేసింది. ఇంటికి రాకుండా నేరుగా పక్కింటికి వెళ్ళాడు. ఆ రైతు కుర్చీ వేశాడు, ఆయన భార్య మాత్రం గదిలోంచి బయటికి రాలేదు. మా మరిది కూర్చోలేదు. ఇప్పుడతనికి జుట్టంతా నెరిసింది. రోజూ మాత్ర వేసుకుంటాడు, చేను చూసుకుంటాడు. ఆ రెండేళ్లూ ఎవరి వయసులో కలపాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.