లామినేషన్ చేయని కాగితం

మా ఆయనకు లామినేషన్ పిచ్చి. ఆబిడ్స్‌లో జిరాక్సు షాపతను ఆయన్ని దూరాన చూస్తే చాలు, మిషను ఆన్ చేస్తాడు. రేషన్ కార్డు, పెళ్లి సర్టిఫికెట్, ఆఖరికి గ్యాసు బుక్కు అట్ట కూడా మా ఇంట్లో ప్లాస్టిక్‌లో తళతళలాడుతుంటాయి. ఆ పిచ్చి ఓ మనిషిని ఇంకొన్నాళ్లు జైల్లో ఉంచేసేదే!

రిటైరయ్యాక నేను ఆబిడ్స్‌లోనే ఓ చిన్న సంస్థకు సాయం చేస్తున్నాను. దేశం విడిచి వచ్చినవాళ్లు తలదాచుకోవడానికి మూడు గదులు, వాళ్ల కేసులు చూడటానికి ఓ లాయరమ్మ, అంతే మా బలగం. ఒక గదిలో బర్మా నుంచి వచ్చిన అమ్మాయి నిండు నెలలతో ఉండేది. కాగితాలు లేవని ఆమె భర్తను జైల్లో పెట్టారు. ఎట్టకేలకు బెయిలొచ్చింది. సొంతిల్లున్నవాళ్లు జామీను నిలబడాలి. నేనుంటానన్నాను. ముక్కూ మొహం తెలియనివాడి కోసం ఇంటి మీదికి తెస్తావా అని మా ఆయన మండిపడి, రెండు రోజులు మాట్లాడలేదు. నేనూ తక్కువ తినలేదు, టీ పెట్టడం మానేశాను.

శుక్రవారం నాంపల్లి కోర్టుకెళ్లాం. ఆ పూట దాటితే మూడు రోజులు సెలవులు. డాక్టరమ్మేమో కాన్పు ఇవాళో రేపో అంది. నేను ధీమాగా ఇంటి పన్ను రసీదు తీసిచ్చాను. మరో కేసులో మళ్లీ చూపకుండా దాని వెనక కోర్టు ముద్ర పడాలి. గుమస్తా కొట్టి చూశాడు. సిరా జారిపోయింది.

"మేడం, గీ ప్లాస్టిక్ మీద ముద్ర ఎట్ల పడ్తది?"

మా ఆయనకు ఫోన్ చేసి ఉన్నదంతా కక్కేశాను. ఫోన్ పెట్టేశాడు. ఇక ఈ మనిషి రాడనుకున్నాను. లాయరమ్మ గడియారం వైపు, నేను గేటు వైపు చూస్తూ కూర్చున్నాం.

నాలుగున్నరకు ఆటో దిగి, అరవై ఐదేళ్ల మనిషి పరుగెత్తుకొస్తున్నాడు! చంకలో మా ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు. మరీ మందంగా ఉన్నాయి, మిషన్‌లో పట్టవని షాపతను తిప్పి పంపిన కట్ట. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. జామీను ఎవరని గుమస్తా అడిగితే, ఇద్దరమూ అన్నాడు.

"ఆ పిలగాడు మీకేమైతడు సార్?"

మా ఆయన నా వైపు చూశాడు.

"ఏం కాడు. ఆయన భార్యకు కాన్పు దగ్గరపడ్డది. నువ్వు జర ముద్ర కొట్టు బిడ్డా."

ధన్‌మని పడింది ముద్ర. అంత మంచి చప్పుడు నేను జన్మలో వినలేదు.

శనివారం పొద్దున అతను బయటికొచ్చాడు. ఆదివారం పాప పుట్టింది. చర్చి మానేసి మరీ దవాఖానకు పరుగెత్తాం. ఆ తర్వాత పుట్టిన సర్టిఫికెట్ వచ్చింది. వాళ్ల కుటుంబానికి ఈ దేశంలో దొరికిన మొదటి గుర్తింపు కాగితం అదే. అది పట్టుకుని మా ఆయన చెప్పులేసుకుంటున్నాడు. ఎక్కడికని అడిగితే ఆబిడ్స్‌కట.

చటుక్కున లాక్కున్నాను. ఆ పిల్ల కాగితం మీద ఇంకా ఎన్ని ముద్రలు పడాలో!