మెట్ల దగ్గరి వైఫై

దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో, పై వాటాలో ఉండే భానుమూర్తిది తెనాలి. ఆయనకు వైఫై డబ్బా ఇంట్లో మనిషితో సమానం. పొద్దున్నే తువ్వాలు కొసతో దుమ్ము తుడుస్తాడు, వేడెక్కిందేమోనని పసిపిల్ల నుదురు తాకినట్టు తాకి చూస్తాడు. దానికి ఏ జబ్బు చేసినా ఆయన మందు ఒకటే, స్విచ్ ఆపి, కాఫీ తాగి, మళ్ళీ వేయడం. కింది వాటా లింగస్వామిది నల్గొండ. ఆయన కూతురు జ్యోతికకూ సిగ్నల్ అందాలని భానుమూర్తి ఆ డబ్బాను మెట్ల తలుపు పక్కనే స్టూలు మీద పెట్టాడు. ప్రత్యేక తెలంగాణ మాట వస్తే మాత్రం మగవాళ్ళిద్దరికీ పొసగదు. తెలంగాణ బంద్ ముందురోజు సాయంత్రం కూడా గొంతులు లేచాయి.

బంద్‌కు నెట్ సెంటర్లన్నీ మూసేశారు. కాలేజీ ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజు, జ్యోతికకు సిగ్నల్ లేదు. లింగస్వామి మెట్లెక్కి వచ్చాడు.

"సారూ, కోపముంటే నా మీద తీర్సుకోండ్రి. పిల్ల మీదెందుకు?"

"నేనేం చేశానయ్యా? నాకు బాగానే వస్తోందే," అన్నాడు భానుమూర్తి. ఆ మాట ఎంత చెడ్డగా వినబడిందో అన్నాక గానీ తెలియలేదు. గబగబా స్విచ్ ఆపాడు, కాఫీ సంగతి మరిచి వెంటనే వేశాడు. లాభం లేదు. అప్పుడు కంటపడింది, స్టూలుకూ మెట్లకూ మధ్య సిగ్నల్‌కు అడ్డంగా, రాత్రి తనే నింపి పెట్టిన నీళ్ళ స్టీలు డ్రమ్ము. ఇద్దరూ పట్టి పక్కకు జరిపారు.

"ఒచ్చింది నాయినా," అని కిందినుంచి జ్యోతిక కేకేసింది.

"బంద్‌లో నీళ్ళు రావేమోనని పట్టానయ్యా," అన్నాడు భానుమూర్తి, "మీ ఇంటికీ కలిపి."

లింగస్వామి డ్రమ్ము మీది చెయ్యి తీశాడు.

"బిందె తెస్త సారూ," అని మెట్లు దిగాడు.