పోశమ్మకు విడిచిన పోతు

మా ఆయన మొదటిసారి దుబాయికి పోయిన కొత్తల పని దొరకక మస్తు పరేషాన్ అయిండు. అప్పుడు మా అత్త "తల్లీ, నా కొడుకును నిలవెట్టు, నీకు యాటను కోస్త" అని పోశమ్మకు మొక్కింది. పని దొరికింది. అత్త ఒక మేకపిల్లను కొని, మెడకు ఇత్తడి గంట కట్టి తల్లి పేరు మీద విడిచింది. అది పెరిగి పోతయింది. కోసుడు మాత్రం కాలే.

మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడల్లా "ఈసారన్న మొక్కు తీర్చుదామే అవ్వా" అంటుండె.

"ఇంకా జర బలువనియ్యిరా" అనేది. బలిసింది, ముసలిదయింది, పండ్లు గూడ ఊడబట్టినయి. "పోశమ్మకు తోలు, బొక్కలు వెడ్తవా ఏందే?" అని వాడకట్టోళ్లు నవ్వేటోళ్లు.

ఒకనాడు అత్త దానికి ఆకు వేసుకుంట నాతోని అన్నది: "మొక్కు మిగిలున్నన్ని దినాలు తల్లి నన్ను తీస్కపోదే బిడ్డా. తీరినంక గామెకు నాతోని ఏం పని?" ఎవలకు చెప్పద్దని తన నెత్తి మీద నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నది. పరాచికమనుకున్న. ఆమె కండ్లల్ల నవ్వు లేదు.

పోయినేడు వానకాలం అత్తకు జరం పట్టింది. పెద్దపల్లి దవాఖానల సూదులేసిండ్రు, తగ్గలే. మా ఆయన సెలవు మీద వచ్చి ఇంటికాడనే ఉండె. "మొక్కు తీర్చకనే గిట్లయితుంది" అన్నడు. అత్త వద్దు వద్దని చెయ్యి ఊపింది. జరంల కలవరిస్తున్నదనుకున్నడు. నాకు ఒట్టు అడ్డమొచ్చింది.

ఆదివారం పొద్దుగాల చుట్టాలను పిలిచి, పోతును వాకిట్ల నిలవెట్టి పసుపు నీళ్లు చల్లిండ్రు. అది ఒళ్లు దులుపుకుంటేనే తల్లి ఒప్పుకున్నట్టు. దులపలే. మళ్ల చల్లిండ్రు. రాయి లెక్క నిలవడ్డది. "ఏం తప్పయింది తల్లీ!" అని మా ఆయన మోకాళ్ల మీద కూలవడ్డడు.

లోపల అత్త గోడ దిక్కు మొఖం వెట్టి పండుకొని, నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. నిప్పు లెక్క కాలుతుంది. నాకు దర్వాజలకెల్లి వాకిలి కనవడుతుంది. అందరు పోతునే చూస్తున్నరు. మూడోసారి దాని చెవుల్ల నీళ్లు ఒంపిండ్రు. పోతు నెత్తి నుంచి తోక దాక దులిపింది.

"దులిపిందా?" అన్నది అత్త.

"లేదత్తా."

"గంట ఇనవడ్డది బిడ్డా."

బయట డప్పులు అందుకున్నయి. అత్త నా చెయ్యి ఇడిచింది. మెల్లగ అన్నది:

"కూరల కారం తక్కువెయ్యి. వచ్చిన చుట్టాలను ఇయ్యాల పోనియ్యకు. రేపు మళ్ల పిలిచే పని వెట్టుకోకుండ్రి."